గాటెన్ తప్పు కాదు, దామోదరం

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ దామోదరం,

మొన్న ఫోనులో నువ్వు అడిగీ అడగక ముందే "నువ్వు చెప్పిందే సరి" అనేశాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ మనవడు అమెరికా వాళ్ళలా 'గెట్' క్రియకు 'గాటెన్' అన్నాడనీ, అది మొరటు మాట, 'గాట్' అనాలని నువ్వు వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి పదిసార్లు పలికించావనీ, వాడు కిసుక్కున నవ్వి వాళ్ళమ్మ దగ్గరికి పరుగెత్తాడనీ చెప్పావు. వాడే సరిగ్గా అన్నాడురా. నువ్వూ నేనూ శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు ఇంగ్లిషు ఎమ్మే వెలగబెట్టి కూడా ఆ ముక్క తెలుసుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి నిఘంటువు తీశాను. నా పాత నిఘంటువు కాదు, అది ఎక్కడుందో నీకు తెలుసు, ఆ సంగతి తర్వాత. గాంధీ రోడ్డులో పాత పుస్తకాల బండి మీద కొన్న ఇంకొకటి.

చిత్రం ఏమిటంటే, అదే వారం మా ఇంట్లో కూడా ఈ 'గెట్' మీదే పంచాయితీ. మా మనవరాలు హంస తొమ్మిదో తరగతి. అలిపిరి నుంచి నడిచి కొండెక్కిన ముచ్చట ఇంగ్లిషులో వ్యాసంగా రాసింది. మూడున్నర వేల మెట్లు ఎక్కిన పిల్ల, ఊపిరి బిగబట్టి రాసింది కాబోలు, తొమ్మిది చోట్ల 'గెట్' వాడింది. తొమ్మిదింటి చుట్టూ ఎర్ర సిరా సున్నాలు. కింద ఒక హితవు: గెట్ వాడవద్దు, మంచి మాటలు వాడు అని. పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. తాతకు ఎమ్మే ఉంది కదా, నేను దిద్దుతానని కూర్చున్నాను. నిద్ర లేవడానికి 'అరోజ్' వేశాను, బస్సు దిగడానికి 'అలైటెడ్' వేశాను, దర్శనానికి 'అబ్‌టైన్డ్', లడ్డుకు 'ప్రొక్యూర్డ్'. తీరా చదివితే పద్నాలుగేళ్ళ పిల్ల గోవిందా అంటూ కొండకు వెళ్ళినట్టు లేదు. ఎవరో ఇన్‌స్పెక్టరు దొంగ వెనకాలే కొండదాకా వెళ్ళి రాసిన పంచనామాలా ఉంది. హంస చదివి, "తాతా, ఇందులో నేను లేను" అంది.

ఆ టీచరమ్మను తప్పు పట్టను. పిల్లలకు నాలుగు మాటలు వస్తాయని ఆవిడ తాపత్రయం. పైగా లెక్చరర్ ఉద్యోగం రాక దస్తావేజు లేఖరిగా స్థిరపడిన నాకు ఆవిడ బాధ లోపలినుంచి తెలుసు. మా దగ్గర ఎవరైనా వచ్చి "ఈ అరెకరం నాకు వచ్చింది, అమ్ముతున్నాను, రాయండి" అంటే ఊరుకుంటామా? ఎలా వచ్చింది? పిత్రార్జితమా, స్వార్జితమా? భాగపరిష్కారంలో వచ్చిందా, దానంగా వచ్చిందా, వీలునామా మూలంగా సంక్రమించిందా? అది తేలకుండా కలం కదలదు. 'గెట్' అనే మాటకు మాత్రం ఈ విచారణ ఏదీ అక్కర్లేదు. కొన్నా గెట్టే, ఎవరైనా ఇచ్చినా గెట్టే, దొంగిలించినా గెట్టే, రోడ్డు మీద దొరికినా గెట్టే. ఇంత అజాపజా లేని క్రియతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఒక్క రోజు కూడా నెగ్గుకురాలేం.

సరే, ముందు నీ మనవడి తగవు తీరుస్తాను. 'గాటెన్' అమెరికా వాళ్ళు కొత్తగా పుట్టించింది కాదు. ఇంగ్లండులోదే, పాతది. 1611లో వెలువడిన ఇంగ్లిషు బైబిలు తీసి చూడు. మొదటి కొడుకు పుట్టినప్పుడు ఆదాము భార్య అవ్వ (ఈవ్) పలికే మాటలో 'గాటెన్' అనే ఉంటుంది. ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి ఓడలెక్కిన వాళ్ళు దాన్ని మూటలో కట్టుకుని వెళ్ళారు. తర్వాత ఇంగ్లండులో అది అరిగిపోయి 'గాట్' మిగిలింది, అమెరికాలో నిలిచింది. మనకు పాఠం చెప్పింది ఇంగ్లండు లెక్క కాబట్టి 'గాటెన్' మనకు మొరటుగా వినిపించింది. 'ఫర్గాటెన్' అంటే మాత్రం మనం ఉలిక్కిపడం చూశావా? దానిలో ఉన్నది కూడా ఆ తోకే. పాత ఇంట్లో పెద్దవాళ్ళు పోయినా ఒక గదిలో వాళ్ళ మంచం మిగిలిపోయినట్టు.

ఇంకో సంగతి, ఇదే నాకు బాగా నచ్చింది. అమెరికా వాళ్ళు 'గాట్' కూడా వాడతారు, కానీ పని వేరు. టికెట్ నా దగ్గర ఉంది అనడానికి 'హావ్ గాట్'. టికెట్ సంపాదించాను, దొరికింది అనడానికి 'హావ్ గాటెన్'. అంటే మనం 'ఉంది', 'దొరికింది' అని విడిగా చెప్పే రెంటినీ నీ మనవడు విడిగానే చెబుతున్నాడు. ఇంగ్లండు వాడు రెంటినీ కలిపి ముద్ద చేశాడు. నువ్వు వాడిచేత పదిసార్లు ఆ ముద్దే మింగించావు. పిలిచి బుజ్జగించు.

ఇక ఈ మాట పుట్టుక చెబుతాను, కాఫీ కలుపుకుని వచ్చి కూర్చో.

ఇది అసలు ఇంగ్లిషు వాళ్ళ మాటే కాదు. వైకింగులది. స్కాండినేవియా నుంచి సముద్రం మీద వచ్చి 793లో ఇంగ్లండులోని లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచుకున్నారే, వాళ్ళది. మొదట దోపిడీకి వచ్చారు, 865లో పెద్ద సైన్యంతో దిగారు, ఆపైన ఉత్తర తూర్పు ఇంగ్లండులో పొలాలు దున్నుకుంటూ ఉండిపోయారు. 1016 నాటికి వాళ్ళ వాడే, కనూట్, ఇంగ్లండుకు రాజయ్యాడు. వాళ్ళ భాషలో 'గెటా' అంటే చేజిక్కించుకోవడం. ఆ మాట 1200 ప్రాంతానికి ఇంగ్లిషులో తిష్ఠ వేసింది. గెట్ ఒక్కటే వచ్చి ఉంటే దోపిడీదారుల మాట అందుకే అలా ఉంది అని నవ్వేసేవాణ్ణి. కానీ 'టేక్' వాళ్ళదే. గుడ్డు, కత్తి, కిటికీ, ఆకాశం, వీటికి ఇంగ్లిషులో ఉన్న మాటలూ వాళ్ళవే. చివరికి 'వాళ్ళు' అనే సర్వనామం 'దే' కూడా వాళ్ళు ఇచ్చిందే. దోచుకోవడానికి వచ్చినవాడి నుంచి ఎవరూ సర్వనామం తీసుకోరురా. గోడ పక్క గోడ కట్టుకుని, పిల్లనిచ్చి పుచ్చుకుంటే తప్ప అది కుదరదు.

ఈ సంగతి చిత్తూరు వాళ్ళకు వేరే చెప్పాలా? మన పాత చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అంతకుముందు మన వైపు తాలూకాలు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. తిరుత్తణి 1960లో అవతలి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. గీత గీసిన చోట మనుషులు మాట్లాడడం మానేశారా? మా అవ్వ కూరగాయల బేరం తమిళంలో మొదలుపెట్టి తిట్టేటప్పుడు తెలుగులోకి వచ్చేది. వైకింగులు ఉన్న ప్రాంతంలో డెర్బీ, గ్రిమ్స్‌బీ అంటూ ఊరి పేర్లకు చివర 'బీ' ఉంటుంది. వాళ్ళ భాషలో ఊరు అని అర్థమట. మనకు పల్లె, పాళెం ఉన్నట్టే.

ఇంగ్లిషు వాళ్ళకు కూడా ఇదే వేరుకు చెందిన మాట ఒకటి ఉండేది, కానీ ఒంటరిగా కాదు, ఏదో ఒక ఉపసర్గ భుజం మీద చెయ్యి వేసుకుని. మరచిపోవడం అనే 'ఫర్గెట్' అలాంటిది. అందులో ముందున్న ముక్కకు తప్పిపోవడం అనే భావం ఉంది. చేతిలో పట్టుకున్నది జారితే మరపు. మనం కూడా "పేరు నోటిదాకా వచ్చి జారిపోయింది" అంటాం కదా. 'బిగెట్' అంటే బిడ్డను కనడం, అదీ ఇలాంటిదే. పాత ఇంగ్లిషులో వీటిలోని గకారం యకారంలా పలికేది. వైకింగుల గట్టి 'గ' వచ్చి దాన్ని తోసేసింది. అది రాకపోతే ఈపాటికి ఫర్యెట్ లాంటిదేదో అంటూ ఉండేవాళ్ళేమో. మన హాస్టల్లో నువ్వు ఎమ్మేను 'యమ్మే' అనేవాడివి, అందరం నవ్వేవాళ్ళం. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లండులో నీకు మంచి గౌరవం దక్కేది.

ఇంకా వెనక్కి వెళితే లాటిన్ వైపు చుట్టాలు తగులుతారు. పట్టుకోవడం అనే ఒకే మూల ధాతువు నుంచి ఇటు 'గెట్', అటు లాటిన్ 'ప్రెహెండెరే' వచ్చాయి. దాని సంతానం చూడు: పట్టుకుని పెట్టే చోటు 'ప్రిజన్', పని పట్టు తెలుసుకునే కుర్రవాడు 'అప్రెంటిస్', ఉన్నట్టుండి మీద పడి పట్టేస్తే 'సర్‌ప్రైజ్', మనసుతో పట్టుకుంటే 'కాంప్రిహెండ్'. హంస టీచరమ్మ గెట్‌కు ఎర్ర సున్నా చుట్టి, కాంప్రిహెండ్ రాస్తే వెరీ గుడ్ అంటారు. ఒకే ఇంటి పిల్లలు వాళ్ళు, ఒకడు పట్టుపంచె కట్టాడు, ఇంకొకడు లుంగీలో ఉన్నాడు, అంతే తేడా. అర్థమైంది అనడానికి కుర్రకారు 'గెట్' వాడితే అదీ పట్టుకోవడమే. మన 'గ్రహించు' కూడా పట్టుకోవడమే కదా. ఈ రెంటికీ చుట్టరికం లేదు, ఆలోచన మాత్రం ఒకటే.

మనకు పట్టు అంటే అంత తేలికా? జలుబు పట్టింది, తుప్పు పట్టింది, నిద్ర పట్టింది, టైము పట్టింది, దయ్యం పట్టింది. పొద్దున కాగితం మీద రాస్తూ పోతే పాతిక తేలాయి, మా ఆవిడ "మీకేం పట్టింది?" అని ఇరవయ్యారోది అందించింది.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. ఆ రాత్రి హంసను కూర్చోబెట్టుకుని ఆ తొమ్మిది గెట్‌లనూ తెలుగు చేయమన్నాను. మాట మాటకు తేడా వస్తుందని అనుకున్నాను, వచ్చింది: లేచాను, ఎక్కాం, దిగాం, చేరాం, అలసట వచ్చింది, ఆకలి వేసింది, దర్శనం అయింది, లడ్డు దొరికింది, ఇల్లు చేరేసరికి జ్వరం వచ్చింది. మొదటి నాలుగింటి జోలికి వెళ్ళను, అవి కాళ్ళ పని. మిగిలిన అయిదూ చూడు. ఇంగ్లిషులో అన్నిటికీ ముందు 'నేను' నిలబడి ఉంది. నేను ఆకలి తెచ్చుకున్నాను, నేను దర్శనం పట్టాను, నేను జ్వరం పట్టాను అన్నట్టు. తెలుగులో 'నేను' ఎక్కడా లేదు. నాకు ఆకలి, నాకు దర్శనం, నాకు జ్వరం. మనిషి కదలడు, వస్తువే నడిచి వస్తుంది. జ్వరం చెప్పాపెట్టకుండా వచ్చిన బంధువు, నాలుగు రోజులుండి పోతుంది. ఇంగ్లిషువాడు దాన్ని కూడా వేటాడి తెచ్చుకున్నట్టు మాట్లాడతాడు.

తమిళమూ మన దారే, "ఎనక్కు కిడైచ్చుదు" అంటారు, ఎనక్కు అంటే నాకు. మా లేఖర్ల పాత వాక్యంలోనూ చూడు, "నాకు సంక్రమించి నా స్వాధీనానుభవములో యున్న" అనే ఉంటుంది. సొంత కష్టంతో కొన్న స్థలం కూడా కాగితం మీద మనకు సంక్రమించవలసిందే.

అంటే గెట్‌కు మనవైపు దీటైన మాట పొందడం కాదు, దొరకడం కాదు. 'వచ్చు'. ఉద్యోగం వచ్చింది, కోపం వచ్చింది, అనుమానం వచ్చింది. తప్పనిసరి అయితే వెళ్ళవలసి వచ్చింది. వీలుంటే వెళ్ళవచ్చు. నేర్చుకున్నదైతే ఈత వచ్చు, తెలుగు వచ్చు. ఇంగ్లిషు గెట్ ఇంటిచాకిరీ ఎంత చేస్తుందో మన 'వచ్చు' అంత చేస్తుంది, ఎటొచ్చీ ఎదురు దిక్కునుంచి. ఇక్కడ నన్ను కుర్చీలోంచి లేపిన సంగతి ఒకటుంది. ఐస్‌లాండు వాళ్ళది వైకింగుల భాషకు దగ్గరగా మిగిలిపోయిన భాష. వాళ్ళు ఇప్పటికీ 'గెట్' అంటారు, కానీ అర్థం 'నేను చేయగలను' అని! చేజిక్కించుకోవడం నుంచి చేతనవడం దాకా వాళ్ళు నడిచారు, రావడం నుంచి ఈత వచ్చు దాకా మనం నడిచాం. రెండు ఊళ్ళ నుంచి బయలుదేరి ఒకే చెట్టు కింద కలిసినట్టు లేదూ?

దీని మూలంగానే మన ఇంగ్లిషు మీద మన నాలుక వాసన పోదు. ఆలస్యమవుతోంది అని మనం 'గెటింగ్ లేట్' అంటాం, కానీ దానికి ముందు మనల్ని మనమే కర్తగా పెట్టేస్తాం. అది పొద్దుకు సంబంధించిన మాట, మనిషికి కాదు. సందేహం వస్తోంది అని 'గెటింగ్ డౌట్' అంటాం. మీరు చెప్పేది అందడం లేదని ఫోనులో 'నాట్ గెటింగ్ యూ' అంటాం. బస్సు దిగడం 'గెట్ డౌన్' అవుతుంది. అక్కడివాడైతే 'గెట్ ఆఫ్' అంటాడు. దిగడంలో కిందికి అనే భావం ఉంది కాబట్టి మనకు 'డౌన్' లేకపోతే కాలు నేల మీద ఆనినట్టే ఉండదు. తప్పులే కావచ్చు, నాకు మాత్రం వీటి మీద కోపం రాదు. (చూశావా, నాకు, రాదు.)

కొన్నిటిని మనం పూర్తిగా ఇల్లరికం తెచ్చేసుకున్నాం. గెటప్ అంటే అక్కడ ప్రధానంగా లేవడం. ఇక్కడ హీరో ముసలివాడి గెటప్‌లో వచ్చాడు అంటాం. వేషం అనే అర్థం ఇంగ్లిషులోనూ ఉంది కానీ మన సినిమా పత్రికలు దానికి పట్టిన హారతి అక్కడ ఎవరూ పట్టలేదు. పదో తరగతి స్నేహితుల గెట్ టుగెదర్ సంక్రాంతికి ఊరూరా జరుగుతోంది. ఇక గెటౌట్ సంగతి నీకు చెప్పనక్కర్లేదు, మనిద్దరికీ ఇంగ్లిషులో మొదట పూర్తిగా అర్థమైన వాక్యం అదే.

అన్నట్టు, సెకండ్ షో చూసి గోడ దూకుతూ వార్డెన్‌కు పట్టుబడ్డ రాత్రి గుర్తుందా? ఇంగ్లిషులో దాన్ని రెండు రకాలుగా చెప్పవచ్చు. మామూలు కర్మణి వాక్యంలో చెబితే పట్టుకున్నారు పాపం అన్నట్టుంటుంది. 'గాట్ కాట్' అంటే కొంత మన చేతులారా తెచ్చుకున్నదే అనే వాసన వేస్తుంది. మన తెలుగులో అయితే తన్నులు తిన్నాం, తిట్లు తిన్నాం, మాటలు పడ్డాం. తినేదీ పడేదీ మనమే, అక్కడ మాత్రం 'నాకు' అని తప్పించుకోవడానికి భాష ఒప్పుకోలేదు.

వ్యాసం ఏమైందని అడుగుతావు. తొమ్మిదింటిలో నాలుగు మార్చాం, అయిదు అలాగే ఉంచాం. ఉంచినవాటిలో జ్వరం ఒకటి. దర్శనం దగ్గర మాత్రం ఇద్దరం చాలాసేపు ఆగిపోయాం. గెట్ పెడితే క్యూలో తోసుకుని లాక్కున్నట్టుంది, అబ్‌టైన్ అంటే అర్జీ పెట్టుకుని సంతకం చేయించుకున్నట్టుంది. 'అయింది' అనడానికి అక్కడ మాట దొరకలేదు. చివరికి హంస ఆ వాక్యం కొట్టేసి, స్వామిని చూశాను అని రాసింది. టీచరమ్మ దాని పక్కన టిక్కు పెట్టారు.

ఇంట్లో అందరం బాగున్నాం. మోకాళ్ళు సహకరించక నేను ఈసారి బస్సులోనే వెళ్ళాను, పిల్లలు నడిచారు. మామిడికాయలు వచ్చాక మా ఆవిడ ఆవకాయ పెడుతుంది, ఎవరైనా అటు వస్తుంటే చెప్పు, జాడీ పంపుతాను. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఇక నిఘంటువు. హాస్టల్ ఖాళీ చేసిన రోజు నా ట్రంకు పెట్టెలో ఉండవలసింది నీ ట్రంకు పెట్టెలోకి ఎలా వెళ్ళిందో ఇన్నేళ్ళుగా నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నీ మనవడితో గాటెన్ అని ఇంగ్లిషులో రాయించి తప్పించుకుంటే ఒప్పుకోను. కొనుగోలా, దానమా, సంక్రమణమా, తెలుగులో స్పష్టంగా రాయి. సాక్షి సంతకాలు నేను చూసుకుంటాను.

నీ
చెంగల్రాయులు